లూట్ బాక్స్‌లతో అసలు పేచీ ఎక్కడ?

లూట్ బాక్స్ అంటే వీడియో గేమ్‌లో తెరిచేదాకా లోపల ఏముందో తెలియని బహుమతి పెట్టె. వీటిని అమ్మి గేమ్ కంపెనీ లాభం చూసుకుంటే తప్పేంటని ఒకరు అడిగారు. లాభం తప్పు కాదు. ఏం కొంటున్నామో చెప్పకుండా డబ్బు కట్టించుకోవడం దగ్గరే పేచీ.

2017 నవంబర్‌లో వచ్చిన స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2నే తీసుకోండి. అప్పట్లో గేమ్ ధర 60 డాలర్లు. అది కట్టాక కూడా స్టార్ వార్స్ సినిమాల విలన్ డార్త్ వేడర్‌గా ఆడాలంటే మొదట్లో 60,000 క్రెడిట్లు (గేమ్‌లో ఆడి సంపాదించే పాయింట్లు) కూడబెట్టాల్సి వచ్చేది, అంటే గంటల తరబడి ఆడుతూనే ఉండాలి. అంత ఓపిక లేనివాళ్లు డబ్బుతో లూట్ బాక్స్‌లు కొనుక్కునే వీలుండేది. లోపల ఏముంటుందో మాత్రం అదృష్టం. జాతరలో రింగులు విసిరే ఆట నయం, అక్కడ సబ్బుబిళ్ల కళ్లెదుటే ఉంటుంది! ఆటగాళ్లు మండిపడటంతో ఆ గేమ్ కంపెనీ ఈఏ ఆ క్రెడిట్లను 75 శాతం తగ్గించింది. అధికారిక విడుదలకు ముందే డబ్బుతో కొనే వీలునూ ఆపేసింది.

2018 ఏప్రిల్‌లో బెల్జియం గేమింగ్ కమిషన్ ఫిఫా 18, ఓవర్‌వాచ్ లాంటి గేమ్‌లలో డబ్బు కట్టి తెరిచే బాక్స్‌లు జూదమేనని తేల్చింది.

రేటు చూపించి గేమ్ పాత్రకు డ్రెస్సో, స్కిన్నో (రూపం మార్చే అలంకరణ) అమ్మితే నాకు అభ్యంతరం లేదు. డబ్బును ముందు జెమ్స్‌గా, అంటే గేమ్‌లో మాత్రమే చెల్లే నాణేలుగా మార్పించే పద్ధతే నచ్చదు. పదేళ్ల పిల్లాడికి 800 జెమ్స్ అంటే ఎన్ని రూపాయలో లెక్క తెలియదు కదా.