దారి అడగండి: ముందు వంతెన, తర్వాతే ఊరు

ప్రశ్న: మేం గాజువాకలో ఉంటాం. సంక్రాంతి వెళ్లాక చెన్నైలో ఉన్న మా చెల్లి ఇంటికి కారులో బయల్దేరుతున్నాం. అమ్మకు డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. బాబుకు ఎనిమిదేళ్లు. మధ్యలో రెండు రాత్రులు గోదావరి జిల్లాల్లో ఆగి అన్నవరం, సామర్లకోట, ద్రాక్షారామం, కోరింగ, ర్యాలి, వాడపల్లి, ఆత్రేయపురం, అంతర్వేది, పాలకొల్లు, భీమవరం చూద్దామనుకుంటున్నాం. కుదురుతాయా బాబాయ్ గారూ?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: కుదరవమ్మా. కారు తిరుగుతుంది గానీ మీ అమ్మగారి మోకాళ్లు తిరగొద్దూ!

ఫోన్లో చూపించే కిలోమీటర్లు నమ్మి కోనసీమలోకి దిగినవాళ్లను, ట్రావెల్స్ కారు నడిపిన రోజుల్లో చాలామందిని చూశాను. ధవళేశ్వరం దాటాక గోదారి గౌతమి, వశిష్ఠ అని చీలిపోతుంది. వశిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ. అవతలి ఒడ్డున గుడి గోపురం కనబడుతూనే ఉంటుంది, అక్కడికి చేరాలంటే మాత్రం వంతెన ఎక్కడుందో అంతదూరం పోయి రావాలి. అందుకని ఊళ్ల జాబితా పక్కనపెట్టి, ఏ పాయను ఎక్కడ దాటతారో తేల్చుకోండి. ఆ దారిలో ఏ ఊళ్లు తగిలితే అవే ఈసారికి మీవి.

మీకైతే గౌతమిని ఎదుర్లంక దగ్గర, వైనతేయను బోడసకుర్రు దగ్గర, వశిష్ఠను చించినాడ దగ్గర దాటమంటాను. మూడూ 216వ నంబరు హైవే మీదే ఉన్నాయి. అన్నవరంలో పొద్దున్నే దర్శనం అయిపోవాలి. కొండపైకి కారు వెళ్తుంది కాబట్టి అమ్మగారికి ఇబ్బంది లేదు. ఆకులో కట్టిచ్చే గోధుమ నూక ప్రసాదం రెండు పొట్లాలు ఎక్కువే తీసుకోండి, దారిలో బాబుకు అదే టిఫిను. కత్తిపూడిలో ఎడమకు తిరిగితే పిఠాపురం మీదుగా కాకినాడ. భోంచేసి కోరింగ వెళ్లండి. మడ అడవిలో చెక్కల వంతెన మీద నడక. అమ్మగారు కాస్త దూరం నడిచి కూర్చున్నా బాబు మాత్రం బురదలో ఎండ్రకాయల్ని చూస్తూ కదలడు. అక్కడ పడవ తిరగడం, తిరక్కపోవడం సముద్రపు పోటూ పాటూ చేతిలో ఉంటుంది. 1839 తుపాను దెబ్బ తినకముందు ఈ కోరింగ పెద్ద ఓడరేవని వాడికి చెప్పండి, నమ్మడు. యానాంలో పెట్రోలు మనకంటే చవక, ట్యాంకు నింపుకుని బాలయోగి వారధి, అంటే ఆ ఎదుర్లంక వంతెన ఎక్కితే చీకటి పడేలోపు అమలాపురం.

రెండో రోజు అంతర్వేది. తిరిగొచ్చి చించినాడ మీదుగా పాలకొల్లు, రాత్రికి భీమవరం. పంచారామాలనే అయిదు శివక్షేత్రాల్లో నాలుగు మీ జాబితాలో ఉన్నాయి. ఈసారికి పాలకొల్లు, భీమవరం రెండూ చాలు. ద్రాక్షారామంలో శివలింగం రెండంతస్తుల ఎత్తు, అభిషేకం పై అంతస్తులో, అంటే మెట్లు తప్పవు. భీమవరం గునుపూడిలో సోమేశ్వరుడు కిందే ఉంటాడు. పైనున్న అన్నపూర్ణమ్మ దగ్గరకు మాత్రం మీరూ బాబూ వెళ్లిరండి. ఏ గుడికైనా మధ్యాహ్నం తలుపులు వేస్తారని మరిచిపోకండి. పన్నెండింటికి చేరితే మండపంలో కూర్చోవడమే.

మూడో రోజు తెల్లవారాక ఆకివీడు దాటి కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతుల్ని (పెలికాన్లను) బాబుకు చూపించి, గుడివాడ, విజయవాడ మీదుగా చెన్నై పట్టండి. అది అయిదొందల కిలోమీటర్ల పైమాటే, ఇంకేమీ పెట్టుకోవద్దు.

ఒక్కటి గట్టిగా చెబుతాను. ఆ రోజుల్లో దాళ్వా, అంటే రెండో పంట వరి నాట్లు సాగుతుంటాయి. నాట్లకు మడి బురదగా దున్ని, అదే దమ్ము చేసొచ్చిన ట్రాక్టర్లు చక్రాల బురదంతా రోడ్డు మీద వదులుతాయి, పైన పొగమంచు. కాలవగట్టు రోడ్లకు చాలాచోట్ల పిట్టగోడ ఉండదు. చీకట్లోనూ, పొద్దున్న మంచు విడకముందూ గట్టు ఎక్కవద్దు. లోపలి రోడ్ల మీద గంటకు ముప్పై కిలోమీటర్లే లెక్కేసుకోండి.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి రాజమండ్రి పెళ్లికి వెళ్తున్నాం. ఒక పూట ఖాళీ ఉంది. పూతరేకులకు ఆత్రేయపురం దాకా వెళ్లడం దండగంటారా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: కొనడానికే అయితే దండగే. హైవే పొడుగునా దొరుకుతాయి. రేకు తీయడం చూడాలంటే మాత్రం వెళ్లాల్సిందే. కుండను బోర్లించి, అడుగున కొబ్బరాకు మంట పెడతారు. పల్చటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి, రెండు చేతులా పట్టుకుని కుండ మీద ఒక్క లాగు లాగుతారు. గుడ్డ పక్కన పెట్టేలోపు రేకు అంచు లేస్తుంది. మంట కాస్త ఎక్కువైనా చిరుగుతుంది. ఇదంతా ఆడవాళ్ల పనితనం. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ, పొయ్యి సెగ సెగే కదండీ. పక్కన నిలబడి ఫొటోలు తీసుకున్నవాళ్లు కనీసం ఒక పెట్టె ఆ ఇంట్లోనే కొనండి. నన్నడిగితే పంచదారవి వద్దు, బెల్లంవి తీసుకోండి. ఎండ తగిలేచోట పెడితే నెయ్యి కరుగుతుంది, సూట్‌కేసు కింద పెడితే పొడి మిగులుతుంది. ఒళ్లో పెట్టుకోవడమే.

సిద్ధాంతం వంతెన దాటి రావులపాలెంలో ఎడమకు తిరిగితే ఆత్రేయపురం. దగ్గర్లోనే కాలవ మీది లొల్ల లాకులు. బొబ్బర్లంక మీదుగా బ్యారేజీ ఎక్కి ధవళేశ్వరంలో దిగితే, రాజమండ్రి వచ్చేసినట్టే. బ్యారేజీ కొత్తదే గానీ అంతకుముందున్న ఆనకట్టను కాటన్ దొర 1847లో మొదలుపెట్టించి 1852కు పూర్తిచేయించాడు. ఒడ్డునున్న ఆయన మ్యూజియానికి ఒక గంట ఇవ్వండి. శనివారం మాత్రం ఈ దారి వద్దు. వాడపల్లి వెంకన్నకు ఏడు వారాలు మొక్కుకున్నవాళ్లతో రోడ్డంతా నిండిపోతుంది.

ప్రశ్న: డిసెంబర్లో యానాం వైపు వస్తున్నాం. పులస ఎక్కడ బాగుంటుంది?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: డిసెంబర్లో ఎక్కడా బాగుండదండి. సముద్రం నుంచి వరదనీటికి ఎదురీది వచ్చే చేప అది, జులై నుంచి సెప్టెంబర్ దాకానే. శీతాకాలంలో పులస అని బోర్డు పెట్టారంటే, అదే చేపను సముద్రంలో ఉండగానే పట్టి, అంటే విలసను మీకు అంటగడుతున్నారు. ప్రయాణం ఒక నెల ముందే, నవంబర్లో పెట్టుకోగలిగితే చీరమేను అనే సన్నటి చిట్టి చేపలు దొరకొచ్చు. కిలోల్లెక్కన కాదు, కొలిచి అమ్ముతారు. ధర అడిగేముందు ఏ కొలతో చూసుకోండి.