'సిబిల్' అంటే ఎవరు? ఆ మాట ఎక్కడిది?

మీరు అడిగింది లోన్ స్కోరు గురించి కాదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

సిబిల్ అంటే పూనకంలో భవిష్యత్తు పలికే స్త్రీ. గ్రీకులో 'సిబిల్లా'. మొదట్లో ఇది ఒక్కామె పేరే. క్రీ.పూ. 500 ప్రాంతంలో గ్రీకు తత్వవేత్త హెరాక్లిటస్ చెప్పింది ఆ ఒక్కామె గురించే. తర్వాత ఊరికొక సిబిల్ పుట్టుకొచ్చింది. రోమన్ పండితుడు వర్రో లెక్క తేల్చేసరికి పదిమంది అయ్యారు.

దేవుడికి 'సియోస్', ఆలోచనకు 'బుల్లా' అనే మాండలిక రూపాలు కలిసి 'దైవ సంకల్పం' అనే అర్థంలో ఈ మాట పుట్టిందన్నది వర్రో వివరణ. నెట్‌లో అందరూ దీన్నే కాపీ కొడుతుంటారు. భాషాశాస్త్రవేత్తలు మాత్రం ఒప్పుకోరు. అసలు మూలం ఇప్పటికీ తేలలేదు.

చాలామంది సిబిల్‌నీ, గ్రీసులోని డెల్ఫీ గుడిలో జోస్యం చెప్పే పిథియానీ ఒకే గాటన కట్టేస్తారు. పిథియా అనేది గుడిలో పదవి. ఒకరి తర్వాత ఒకరు వస్తారు, అడిగినదానికి జవాబిస్తారు. లష్కర్ బోనాల మర్నాడు రంగంలో పచ్చికుండ మీద నిలబడి, పూజారి అడిగినవాటికి భవిష్యవాణి చెప్పే ఆమెకు పిథియాయే దగ్గర. సిబిల్‌ని ఎవరూ అడగక్కర్లేదు, తనంతట తనే పలుకుతుంది.

ఇటలీలోని నేపుల్స్‌లో ఉన్నప్పుడు పక్కనే ఉన్న క్యూమే అనే పాత ఊరికి వెళ్లాను. 1932లో బయటపడ్డ సిబిల్ గుహ అక్కడే. నిజానికి అది రాతిలో తొలిచిన 130 మీటర్ల సొరంగం. గోడలు పైకి వెళ్లేకొద్దీ దగ్గరపడతాయి. పక్క సందుల్లోంచి ఎండ చారలు చారలుగా పడుతుంటుంది. అది సైనిక రక్షణ కోసం తవ్వింది అయ్యుంటుందని ఇప్పుడు చాలామంది పురావస్తు పరిశోధకులు అంటున్నారు. మా గైడు మాత్రం ఆ ఊసే ఎత్తలేదు, టికెట్లు తెగాలి కదా!

ఈ క్యూమే సిబిల్ కథే నాకు బాగా ఇష్టం. రోమ్ రాజు టార్క్విన్ దగ్గరికి ఒక ముసలావిడ 9 జోస్యం పుస్తకాలు అమ్మడానికి తెచ్చింది. ధర విని రాజు నవ్వాడు. ఆమె మూడు కాల్చేసి, మిగతా ఆరింటికీ అదే ధర చెప్పింది. మళ్లీ నవ్వాడు. ఇంకో మూడు కాల్చింది. అప్పుడు కంగారుపడి, చివరి మూడింటినీ మొదట చెప్పిన ధరకే కొన్నాడు. వాటిని జూపిటర్ గుడిలో దాచి, రాజ్యానికి ఆపద వచ్చినప్పుడల్లా తీసి చూసేవారట. క్రీ.పూ. 83లో గుడి తగలబడి అవీ కాలిపోయాయి. రోమ్ సెనేట్ ఊరుకోలేదు. ఎరిత్రే లాంటి ఊళ్లకు మనుషుల్ని పంపి, అక్కడ దొరికిన సిబిల్ పద్యాలు మళ్లీ రాయించి తెప్పించింది.