హైదరాబాద్ నుంచి తిరుపతికి విమానంలో ఎంతసేపు?

ప్రశ్న: మా అమ్మకి 74 ఏళ్లు. రాత్రంతా రైలు ప్రయాణం తన వల్ల కాదంటోంది. అందుకని తిరుపతికి ఫ్లైట్ చూస్తున్నాను. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం 420 కిలోమీటర్ల లోపే. విమానం గంటకు 800 కిలోమీటర్లు పోతుందంటారు కదా, టికెట్ మీద గంటా పావు ఎందుకుంది? ఉదయం 8 గంటల ఫ్లైట్ ఎక్కితే మధ్యాహ్నం 12 గంటల దర్శనం స్లాట్ అందుతుందా?
– ఒక పాఠకురాలు, నిజాంపేట

జవాబు: దూరం మీరు సరిగ్గానే చూశారమ్మా. శంషాబాద్ నుంచి రేణిగుంటకు సూటిగా సుమారు 417 కిలోమీటర్లు. రోడ్డు మీదైతే 550 దాటుతుంది. కానీ విమానం ఆ సూటి గీత మీదే పోదు.

నేను ఉద్యోగమంతా కంట్రోల్ టవర్లలోనే చేశాను, రోజూ చూసిందే చెబుతున్నా. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉంటాయి. రేణిగుంటదీ దాదాపు అంతే. మీరు వెళ్లాల్సిందేమో దక్షిణానికి. విమానం గాలికి ఎదురుగా లేవాలి కాబట్టి, పడమటి గాలి వీచే రోజుల్లో ముందు పడమటికి లేచి, ఆ తర్వాత దక్షిణానికి తిరుగుతుంది. దిగే ముందు రన్‌వే వరుసలోకి రావడానికి మళ్లీ తిరగాలి. పైగా 10,000 అడుగుల లోపు వేగం 250 నాట్లు దాటకూడదు, అంటే గంటకు దాదాపు 460 కిలోమీటర్లు. 800 అందుకున్న కాసేపటికే దిగడం మొదలవుతుంది. ఏటీఆర్ లాంటి చిన్న విమానమైతే దాని వేగమే 500 అటూ ఇటూ.

ఇక టికెట్ మీద వేసేది గాల్లో ఉండే టైము ఒక్కటే కాదు. ఇక్కడ పార్కింగ్ నుంచి కదిలిన దగ్గర్నుంచి అక్కడ ఆగేదాకా లెక్క. రన్‌వే దాకా నడపడం, ముందున్న విమానాల కోసం ఆగడం అన్నీ అందులోనివే.

12 గంటల స్లాట్ మాత్రం వద్దు. 9:15కి దిగినా, సామాను తీసుకుని కారెక్కేసరికి పావు తక్కువ పది. అలిపిరి చేరేసరికి 10:20 అవుతుంది. అక్కడ తనిఖీ, తర్వాత ఘాట్ రోడ్డు. కొండ మీదికి వచ్చేసరికి పదకొండున్నర. ఇక ఫోన్లు, సామాను అప్పజెప్పాలి. ఫ్లైట్ అరగంట లేటైతే చాలు, అంతా టెన్షనే. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా అటువైపు ఈశాన్య రుతుపవనాల వానలు. వాన జోరుగా ఉంటే విమానాన్ని పైనే చుట్లు తిప్పాల్సి వస్తుంది, ఒక్కోసారి వేరే ఊరికి మళ్లించాల్సి వస్తుంది. ఆ వయసులో అమ్మగారిని అలా పరుగులు పెట్టించకండి. ముందు రోజు వెళ్లి రాత్రికి అక్కడే ఉండి, మర్నాటి ఉదయం స్లాట్ తీసుకోండి.

టికెట్ కొనేటప్పుడే వీల్‌చైర్ కావాలని రాయించండి. ఏటీఆర్ అయినా భయం లేదు, వెనక తలుపు దగ్గర కొద్ది మెట్లే ఉంటాయి.