శివారు బడికి గదుల కంటే ముందు పిల్లల లెక్క

మీ కాలనీ హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుకు ఆనుకొని ఉందని, దగ్గర్లోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో మూడు తరగతులు ఒకే గదిలో కూర్చుంటున్నాయని రాశారు. చందాలు వేసుకొని రెండు గదులు కట్టించాలా, కొత్త బడి కోసం పట్టుబట్టాలా అని అడిగారు. అలాంటి శివారు బడిలోనే ప్రధానోపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. నా మాట వింటే ముందు పిల్లల లెక్క సరిచేయించండి. టీచర్లయినా, గదులయినా, కొత్త బడయినా దాని వెనకే వస్తాయి.

ఎందుకంటే 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఉన్నది అదే. ఒకటి నుంచి ఐదు తరగతుల వరకు 60 మంది పిల్లలకు ఇద్దరు టీచర్లు, 90 వరకు ముగ్గురు, 120 వరకు నలుగురు, 200 వరకు ఐదుగురు ఉండాలి. 150 దాటితే ప్రధానోపాధ్యాయుడు అదనం. భవనం సంగతికి వచ్చేసరికి అదే షెడ్యూలు టీచరుకు కనీసం ఒక గది చొప్పున ఉండాలంటుంది. గది పోస్టును బట్టి, పోస్టు రిజిస్టరులోని పిల్లల సంఖ్యను బట్టి అన్నమాట. సంఖ్య మారకుండా మీరు రెండు గదులు కట్టిస్తే గదులు ఉంటాయి గానీ వాటిలో పాఠం చెప్పే మనిషి ఉండరు. తలుపుకు తాళం పడుతుంది, కొన్నాళ్ళకు విరిగిన బెంచీలు అందులో చేరతాయి. అలాంటి గదులు నేను చూశాను.

ఇక శివార్లలో లెక్క ఎక్కడ తప్పుతోంది? పల్లెలో జూన్‌లో పిల్లలను బడిలో చేర్పించే బడిబాట కార్యక్రమం అయ్యేసరికి ఆ ఏడాది పిల్లలు ఎవరో దాదాపు తేలిపోతుంది. శివారులో అలా కాదు, ఏడాది పొడవునా వస్తూనే ఉంటారు. దసరా తర్వాత కొందరు, సంక్రాంతి తర్వాత మరికొందరు. అపార్ట్‌మెంట్ల పనికి ఒడిశా నుంచి, బిహార్ నుంచి, పాలమూరు నుంచి, ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలు అవి. పాత బడి ఇచ్చే బదిలీ పత్రం (టీసీ) ఉండదు, ఆధార్‌లో పేరు ఒకలా, తల్లి చెప్పే పేరు మరోలా. ఆన్‌లైన్‌లో నమోదు కావడం లేదన్న భయంతో చాలా బడుల్లో ఆ పిల్లలను ఊరికే కూర్చోబెడతారు. పిల్ల తరగతిలోనే ఉంటుంది, మధ్యాహ్నం భోజనం చేస్తుంది, కానీ రిజిస్టరులో ఉండదు. బియ్యం రిజిస్టరు ప్రకారమే వస్తుంది కనుక వంటమ్మ అదే అన్నాన్ని అందరికీ సర్దుతుంది.

చట్టం మాత్రం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. వయసు ధ్రువపత్రం లేదని చేర్చుకోకుండా ఉండకూడదని 14వ సెక్షన్, టీసీ ఆలస్యమైందని ఆపకూడదని 5వ సెక్షన్, వయసుకు తగిన తరగతిలో చేర్చాలని 4వ సెక్షన్ చెబుతున్నాయి. వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్పించే బాధ్యత స్థానిక సంస్థదని 9వ సెక్షన్ అంటుంది. ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకొని ప్రధానోపాధ్యాయులకు ఇవ్వండి. నిలదీయడానికి కాదు. పైఅధికారి అడిగినప్పుడు చూపించుకోవడానికి వారికి ఆధారం కావాలి.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. తొమ్మిదేళ్ళుంటాయేమో, తమ్ముణ్ణి చంకన వేసుకొని గేటు దగ్గర నిలబడేది. తల్లి ప్లాస్టిక్ కవరులోంచి ఒడియాలో ఉన్న టీకాల కార్డు తీసి చూపించింది, అంతకు మించి వాళ్ళ దగ్గర ఏ కాగితమూ లేదు. పిల్లను చేర్చుకున్నాం కానీ తమ్ముణ్ణి ఎవరు చూస్తారు? మా ఆవరణలోనే అంగన్‌వాడీ ఉండబట్టి వాడు అక్కడ కూర్చున్నాడు, అక్క తరగతికి వచ్చింది. మధ్యలో బెల్లు కొట్టినప్పుడల్లా కిటికీ దగ్గరికి వెళ్ళి వాడు కనిపిస్తున్నాడా అని చూసుకొని వచ్చేది. అందుకే చెబుతున్నాను, విస్తరణ పేరుతో అంగన్‌వాడీ గదిని ఖాళీ చేయిద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. దాన్ని తీసేస్తే పెద్దపిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, మళ్ళీ గుడిసెల దగ్గరే ఉండిపోతారు.

పథకాల మాట. తెలంగాణలో 2022లో మొదలైన 'మన ఊరు – మన బడి' 26,065 బడులకు మూడు దశల్లో 7,289 కోట్లు ఖర్చు చేస్తామన్న కార్యక్రమం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు 14న మొదలైన 'నాడు – నేడు' తొలి దశలో 15,715 బడులు ఉన్నాయి. 2024లో తెలంగాణలో బడుల పనులు చూసేందుకు మహిళా సంఘాలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. మరుగుదొడ్లు, మంచినీళ్ళు, కరెంటు, మరమ్మతులు, రంగులు అన్నీ అవసరమే, వాటివల్ల బడులు బాగుపడ్డాయి కూడా. కానీ వాటిలో ఎక్కువ భాగం ఉన్న బడిని బాగుచేసే పనులు. ఊళ్ళలో గదులుండి పిల్లలు లేరు, శివార్లలో పిల్లలుండి గదులు లేవు. రెండింటికీ ఒకే పనుల జాబితా సరిపోదు. పైగా తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022–23లో ఇంగ్లిష్ మీడియం వచ్చాక ప్రైవేటు ఫీజులు కట్టలేని కుటుంబాలు కూడా ప్రభుత్వ బడి వైపు చూస్తున్నాయి.

మీ చేతిలో ఉన్న అసలు పనిముట్టు బడి అభివృద్ధి ప్రణాళిక. చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం దాన్ని పాఠశాల యాజమాన్య కమిటీ తయారు చేయాలి, నిధుల మంజూరుకు అదే ఆధారం. నిబంధనల ప్రకారం అది మూడేళ్ళ ప్రణాళిక. ఏ ఏడాది ఏ తరగతిలో ఎందరు పిల్లలుంటారో అంచనా, దానికి తగిన టీచర్లు, గదులు, ఖర్చు రాయాలి. చాలాచోట్ల నిరుటి అంకెలే మళ్ళీ రాసి సంతకాలు పెడతారు. శివారుకు అంతకంటే పెద్ద అన్యాయం లేదు. హైదరాబాద్ శివారు కొల్లూరులో 2023 జూన్ 22న ప్రభుత్వం ఒకేచోట 15,660 రెండు పడకగదుల ఇళ్ళను ప్రారంభించింది. అలాంటి చోట నిరుటి అంకెకు అర్థమేముంది?

కాలనీ వాళ్ళుగా మీరు చేయగలిగిన గొప్ప సాయం ఇక్కడే ఉంది. చుట్టుపక్కల ఏ వెంచర్‌లో ఎన్ని ఫ్లాట్లు లేస్తున్నాయో, కూలీల షెడ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో, వాటిలో ఆరేళ్ళు దాటిన పిల్లలెందరో ఇద్దరు ముగ్గురు తిరిగి రాసుకొని కమిటీకి ఇవ్వండి. కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. వాళ్ళలో ఎక్కువమంది దినసరి కూలీలు. పనిరోజు పగలు సమావేశం పెడితే కూలి పోతుంది కనుక రారు. ఆదివారం సాయంత్రం పెట్టించండి.

"కిలోమీటరులో బడి ఉందిగా, కొత్తది ఎందుకు" అని ఎవరైనా అంటే, జనసాంద్రత ఎక్కువున్నచోట ఒకటికి మించి బడులు పెట్టవచ్చని, దారిలో పిల్లలకు ప్రమాదం ఉంటే దూరం పరిమితి తగ్గించాలని కేంద్ర నిబంధనల్లోనే ఉంది. సిమెంటు మిక్సర్ లారీలు తిరిగే సర్వీసు రోడ్డు దాటాల్సి వస్తే ఆ మాట ఫొటోలతో సహా అర్జీలో రాయండి.

స్థలం విషయంలో ఆలస్యం చేయకండి. పాత బడి స్థలం చాలాచోట్ల ఏనాడో ఊరి పెద్ద నోటిమాటగా ఇచ్చినదే. గజం ధర పెరిగాక వారసులు వస్తారు. మండల సర్వేయరుతో కొలిపించి, హద్దురాళ్ళు వేయించి, ప్రహరీ కట్టించడం అన్నిటికంటే ముందు జరగాలి. లేఅవుట్ పార్కు స్థలంలో బడి కట్టమని మాత్రం అడగకండి, అది కోర్టుకు వెళ్తుంది. ప్రభుత్వ భూమి సర్వే నంబరు పట్టుకొని తహసీల్దారు దగ్గరికి వెళ్ళండి. ఊరు మున్సిపాలిటీ అయినా బోర్డు మీద 'మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల' అనే ఉంటే రెండు కార్యాలయాలూ మీది కాదు మాది కాదు అంటాయి. అర్జీ ఇద్దరికీ ఇచ్చి, రెండింటి మీదా అందినట్టు ముద్ర వేయించుకోండి.

గదులు మంజూరైన రోజున పనులు చూసే అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) గారిని ఒక్కటే అడగండి: పైన ఇంకో రెండు అంతస్తులు మోసే పునాది, పిల్లర్లు వేస్తున్నారా అని. గోడల మీద స్లాబు వేసిన పాత గదుల మీద ఇంకేమీ లేపలేరు, శివారులో పక్కకు పెరగడానికి జాగా ఉండదు.

చందాల డబ్బు వృథా కాకూడదంటే మరుగుదొడ్లు రోజూ కడిగే మనిషి జీతానికి, నీళ్ళ మోటారుకు, పోస్టు వచ్చేదాకా చదువు చెప్పే ఒక స్థానిక యువతి గౌరవ వేతనానికి వాడండి. ఈలోగా పని సర్దుబాటు కింద, అంటే వేరే బడి నుంచి తాత్కాలికంగా, ఒక టీచరును పంపమని మండల విద్యాధికారి (ఎంఈవో) గారికి కమిటీ తీర్మానం ఇవ్వండి.

ప్రణాళిక ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే సిద్ధం కావాలి, అంటే డిసెంబరు చివరికల్లా. మీ బడి రిజిస్టరులో ఎందరున్నారో, నిజంగా కూర్చుంటున్నది ఎందరో, పనిచేస్తున్న టీచర్లు ఎందరో ఇక్కడ రాయండి. ఎన్ని పోస్టులు, ఎన్ని గదులు అడగవచ్చో లెక్కకట్టి తీర్మానం నమూనా రాసిస్తాను.