ఇంటర్ లెక్కలు సరిగా రాకపోతే డిగ్రీ లెక్కలు వస్తాయా?

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం కాలేజీలో కొత్తగా చేరినవాళ్లవే. గ్రూపులు వేరు, ఊళ్లు వేరు, అడిగింది మాత్రం దాదాపు ఒకటే: వెనకటి లెక్కలు రాకుండా ముందున్న లెక్కలు ఎలా చదవాలి?

ప్రశ్న: సార్, హన్మకొండలో బీఎస్సీ ఎంపీసీఎస్ (మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్) మొదటి సంవత్సరం చదువుతున్నాను. టెన్త్ దాకా తెలుగు మీడియం. ఇంటర్‌లో మ్యాథ్స్ పేపర్లు, ఎప్పుడూ వచ్చే ప్రశ్నలే బట్టీపట్టి గట్టెక్కాను. ఇప్పుడు కాలిక్యులస్ క్లాసులో బోర్డు మీద రెండు లైన్ల దాకా బాగానే ఉంటుంది, మూడో లైను రాసేసరికి అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియడం లేదు. బీకాంలోకి మారిపోదామా అని టెన్షన్‌గా ఉంది. – ఒక విద్యార్థిని, పరకాల

జవాబు: బిడ్డా, గ్రూపు మార్చే మాట ఇప్పుడే వద్దు. రెండు లైన్లు అర్థమై మూడో దాంట్లో జారిపోతున్నావంటే నీకు రానిది కాలిక్యులస్ కాదేమో, ముందు అది చూసుకోవాలి. ఒక లెక్క తీసుకుందాం. ఒకటి బై ఎక్స్‌కి డెరివేటివ్‌ను నిర్వచనం నుంచి కట్టాలి. ఎక్స్ ఉన్నచోట ఎక్స్ ప్లస్ హెచ్ పెట్టి, అందులోంచి పాతదాన్ని తీసేసి, వచ్చినదాన్ని హెచ్‌తో భాగించాలి, ఇవి నీకు అర్థమవుతున్న రెండు లైన్లు. ఇప్పుడు మూడోది. రెండు భిన్నాల హారాలు వేరువేరు కాబట్టి ఉమ్మడి హారం చేస్తే పైన ఎక్స్ మైనస్ బ్రాకెట్‌లో ఎక్స్ ప్లస్ హెచ్ వస్తుంది, బ్రాకెట్ విప్పితే ఎక్స్‌లు రెండూ పోయి మైనస్ హెచ్ మిగులుతుంది, కింద ఎక్స్, ఎక్స్ ప్లస్ హెచ్‌ల లబ్ధం ఉంటుంది, హెచ్‌తో భాగించేసరికి పైన మైనస్ ఒకటే మిగిలింది. ఇదంతా హైస్కూల్లో చేసిన భిన్నాల లెక్క. ఆఖర్న హెచ్‌ను సున్నాకు చేర్చి, మైనస్ ఒకటి బై ఎక్స్ స్క్వేర్ అని రాయడం ఒక్కటే ఇందులో కొత్త అడుగు.

పేపర్లు దిద్దేటప్పుడు నాకు పదేపదే కనిపించేవి కూడా ఇలాంటి తప్పులే. ఎక్స్ స్క్వేర్ ప్లస్ 9కి వర్గమూలం ఎక్స్ ప్లస్ 3 అని రాసేస్తారు. ఎక్స్ బదులు 4 పెట్టి చూడు, 16 ప్లస్ 9 అంటే 25, దాని వర్గమూలం 5, కానీ 4 ప్లస్ 3 అంటే 7. సైన్ రెండు తీటా అంటే రెండు సైన్ తీటా అనుకుంటారు. తీటా 30 డిగ్రీలైతే మొదటిది సైన్ 60, అంటే 0.866, రెండోది 1. ఏ మెట్టు మీద అనుమానం వచ్చినా ఇట్లా ఒక అంకె పెట్టి చూసే అలవాటు చేసుకుంటే సగం తప్పులు నీకే దొరుకుతాయి, ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంటర్ మొత్తం మళ్లీ చదవాలా అంటే, వద్దు. వన్ ఏ, వన్ బీ, టూ ఏ, టూ బీ అని ఇంటర్ రెండేళ్ల మ్యాథ్స్ పుస్తకాలు నాలుగూ ముందేసుకుని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టినవాళ్లు వారం తిరక్కుండానే వదిలేస్తారు. నీకు ఇప్పుడు కావాల్సినవి వన్ ఏలో ఫంక్షన్లు, త్రికోణమితి సూత్రాలు, వన్ బీలో లిమిట్స్, డిఫరెన్సియేషన్. ముఖ్యంగా ఫంక్షన్లు. ఒక ఫంక్షన్ లోపల ఇంకో ఫంక్షన్ ఉందని కంటికి కనబడకపోతే చైన్ రూల్ ఎప్పటికీ బట్టీగానే ఉంటుంది, చైన్ రూల్ రాకపోతే ఈ సెమిస్టర్‌లో పార్షియల్ డెరివేటివ్స్ రావు. నిజానికి పార్షియల్ డెరివేటివ్ అంటే ఒక చలరాశిని కదిలించి మిగతావాటిని స్థిరాంకాలుగా చూడటమే, ఇంటర్ డిఫరెన్సియేషన్ చేతికి వచ్చినవాళ్లకు రెండు క్లాసుల పని. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ మొదలయ్యేలోపు టూ బీలోని ఇంటిగ్రేషన్, టూ ఏలోని పార్షియల్ ఫ్రాక్షన్స్ చూసుకో. సిస్టమ్ ఆఫ్ సర్కిల్స్, హైపర్‌బోలా లాంటివి ప్రస్తుతానికి పక్కన పెట్టినా ఏమీ కాదు. తర్వాత వచ్చే రియల్ అనాలిసిస్ తీరే వేరు, దానికి సూత్రాల కంటే అసమానతలు, మాడ్యులస్, గణితానుగమనం, ఒక వాక్యం నిజమని వరుసగా నిరూపించే ఓపిక కావాలి. అక్కడికి వచ్చేసరికి ఇంటర్‌లో బాగా మార్కులొచ్చినవాళ్లు, నీలాంటివాళ్లు దాదాపు ఒకే గీత దగ్గర నిలబడతారు.

మీడియం గురించి భయపడకు. తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకాల తెలుగు మీడియం ప్రతి ఒకటి దగ్గర పెట్టుకుని అదే చాప్టర్ ఇంగ్లీషులో పక్కన చదివితే కొన్నాళ్లకు తెలుగు ప్రతి తెరవాల్సిన పని ఉండదు. టీశాట్ (తెలంగాణ ప్రభుత్వ విద్యా చానల్) పాఠాలు, ఎన్‌పీటెల్ (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలు) వీడియోలు ఉచితమే, కానీ వీడియో చూసి అర్థమైందనుకోవడం వేరు, ఆపి అదే లెక్క కాగితం మీద చేయడం వేరు. ఇంకో మాట, మూడో లైను అర్థం కాని రోజునే మీ సార్‌ను ఆపి అడుగు. ఆ ప్రశ్న క్లాసులో ఇంకా చాలామంది నోట్లో ఆగిపోయి ఉంటుంది.

ప్రశ్న: నాది బైపీసీ. బీఫార్మసీలో చేరితే మొదటి సెమిస్టర్‌లోనే రెమిడియల్ మ్యాథ్స్ అన్నారు. లెక్కలు తప్పించుకోవాలనే బైపీసీ తీసుకున్నాను. పాసైతే చాలు, ఇది నిజంగా అవసరమా? – ఒక విద్యార్థి, జనగామ

జవాబు: అవసరమే తమ్ముడూ. ఫార్మసీ కౌన్సిల్ సిలబస్‌లో ఎంపీసీ నుంచి వచ్చినవాళ్లకు రెమిడియల్ బయాలజీ, బైపీసీ వాళ్లకు రెమిడియల్ మ్యాథ్స్ పెట్టింది ఊరికే కాదు. పార్షియల్ ఫ్రాక్షన్స్, లాగరిథమ్స్, మ్యాట్రిసెస్, డిఫరెన్సియేషన్, ఇంటిగ్రేషన్, చివర్లో డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, లాప్లాస్ దాకా అన్నీ ఒకే సెమిస్టర్‌లో ఉంటాయి, లోతు తక్కువ, వేగం ఎక్కువ. పాస్ మార్కుల కోసం మ్యాట్రిసెస్ చేసి లాగరిథమ్స్ వదిలేసే పిల్లలున్నారు. దయచేసి అది చేయకు. రక్తంలో మందు తగ్గే తీరు చాలా మందులకు ఫస్ట్ ఆర్డర్‌లో ఉంటుంది, అంటే ఎంత మందు ఉంటే దానికి తగ్గ వేగంతో తగ్గుతుంది. హాఫ్ లైఫ్, అంటే మందు సగానికి తగ్గే సమయం కావాలంటే 0.693ను రేట్ కాన్‌స్టెంట్‌తో, అంటే ఆ తగ్గే వేగాన్ని చెప్పే అంకెతో భాగిస్తారు. ఆ 0.693 ఎవరో పెట్టిన అంకె కాదు, 2కి సహజ లాగరిథమ్. హాఫ్ లైఫ్ 4 గంటలైతే 12 గంటలకు ఎనిమిదో వంతు మిగులుతుంది, ఇది నోటితోనే చెప్పొచ్చు, 10 గంటలకు ఎంత అంటే మాత్రం లాగరిథమ్ గానీ ఎక్స్‌పొనెన్షియల్ గానీ కావాలి. నాలుగో సెమిస్టర్‌లో మందు ఎంతకాలం పాడవకుండా ఉంటుందో లెక్కగట్టేటప్పుడు, ఆరో సెమిస్టర్‌లో ఫార్మకోకైనెటిక్స్‌లో, ఎనిమిదిలో బయోస్టాటిస్టిక్స్‌లో లెక్కలు మళ్లీ ఎదురొస్తాయి. ఘాతాంకాలు, లాగరిథమ్స్, గ్రాఫ్‌లో వాలు కనుక్కోవడం, ఈ మూడూ గట్టిగా పట్టుకో, మిగతాది పరీక్ష వరకు చూసుకోవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి పాలిటెక్నిక్ అయ్యాక ఈసెట్ (డిప్లొమా వాళ్లకు బీటెక్ ప్రవేశ పరీక్ష) రాసి బీటెక్ రెండో సంవత్సరంలో ట్రిపుల్‌ఈలో (ఎలక్ట్రికల్) చేరుతున్నాడు. మొదటి సంవత్సరం మ్యాథ్స్ చదవకుండా నేరుగా పోతున్నాడు కదా, ట్యూషన్ పెట్టించమంటారా? – ఒక తండ్రి, నర్సంపేట

జవాబు: ముందు ట్యూషన్ ఫీజు కట్టకండి అన్నా. ఈసెట్‌లో 200 మార్కుల్లో 50 మ్యాథ్స్‌వే, దానికోసం చదివాడు కాబట్టి మ్యాట్రిసెస్, డిఫరెన్సియేషన్, ఇంటిగ్రేషన్ సూత్రాలు బాబుకు గుర్తుండే ఉంటాయి. డిప్లొమా పిల్లల్లో నేను చూసిన ఇబ్బంది వేరే. బిట్‌కు జవాబు చప్పున పెట్టేస్తారు, అదే లెక్క పది లైన్లు రాయమంటే ఆగిపోతారు. అందుకే క్లాసులు మొదలయ్యేలోపు ఒక సీనియర్ దగ్గర ఎం వన్, ఎం టూ (బీటెక్ మొదటి సంవత్సరం మ్యాథ్స్) నోట్సు తీసుకుని, ఐగెన్ విలువలు, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, లాప్లాస్ ట్రాన్స్‌ఫామ్స్ మీద రోజూ ఒక పెద్ద లెక్క పూర్తిగా రాయమనండి. ట్రిపుల్‌ఈ కాబట్టి సంకీర్ణ సంఖ్యలు కూడా, ఎందుకంటే ఏసీ సర్క్యూట్లన్నీ వాటితోనే నడుస్తాయి. రెండు మూడు వారాలు చూసి, అప్పటికీ ఆగిపోతుంటే ఏ చాప్టర్ దగ్గర ఆగిందో దానికే ఒక మాస్టారిని అడగండి, ఏడాది మొత్తానికి కాదు.

ప్రశ్న: సీఈసీ, తర్వాత బీఏ. ఎంఏ ఎకనామిక్స్ చేయాలనుంది. టెన్త్ తర్వాత లెక్కలు ముట్టలేదు. – ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: సరళరేఖ, వాలు, డెరివేటివ్, గరిష్ఠ కనిష్ఠాలు, కొంచెం మ్యాట్రిసెస్, మొదలుపెట్టడానికి ఇవి చాలు, ఒక వేసవి సెలవుల్లో అయిపోతాయి. ఒక సరుకు ధర, 100లోంచి అమ్మిన సంఖ్యను తీసేసినంత అనుకోండి. రాబడి అంటే ధర ఇంటూ సంఖ్య, కాబట్టి 100 క్యూ మైనస్ క్యూ స్క్వేర్. దాని డెరివేటివ్ 100 మైనస్ 2 క్యూ, ఇదే మార్జినల్ రెవెన్యూ, అంటే ఇంకొకటి అమ్మితే అదనంగా వచ్చే రాబడి. ఒక్కోటి తయారుచేయడానికి 20 రూపాయలైతే లాభం ఎక్కువయ్యేది మార్జినల్ రెవెన్యూ ఈ 20కి సమానమైనచోట, అంటే 40 అమ్మినప్పుడు, ధర 60. ఖర్చును 20 బదులు 30 చేసి ఇదే లెక్క చూడకుండా చేయండి. 35 వచ్చిందంటే ఎంఏ మైక్రో ఎకనామిక్స్ మొదటి యూనిట్ తెరవొచ్చు.