హెచ్-1బి మీద ఉండి టెక్సస్‌లో వేట భూమి కొనాలంటే డబ్బు ఎక్కడి నుంచి తేవాలి?

ప్రశ్న: మేముండేది డాలస్ దగ్గర ఫ్రిస్కోలో. నాకు 41 ఏళ్లు, హెచ్-1బి మీద ఉన్నాను. ఇన్నాళ్లూ స్నేహితులతో కలిసి లీజు భూముల్లో జింకల వేటకు వెళ్తున్నాను. ఇప్పుడు ఈస్ట్ టెక్సస్‌లో సొంతంగా 40 ఎకరాలు కొనాలని ఉంది. ఎకరం 8,000 డాలర్ల చొప్పున 3.2 లక్షలు చెబుతున్నారు. చేతిలో 30,000 ఉన్నాయి, నెలకు 2,500 మిగులుతాయి. 401కె రిటైర్మెంట్ ఖాతాలో 1.1 లక్షలు, ఇంటి మీద కొంత ఈక్విటీ (అప్పు పోను మా వాటా) ఉన్నాయి. ఊళ్లో పొలం అమ్మి డబ్బు పంపుతానని నాన్నగారు అంటున్నారు. వీటిలో ఏది వాడమంటారు?

జవాబు: ఏదీ వద్దు. 21 నెలలు ఆగండి. 40 ఎకరాలకు సరిపడా కూడబెట్టి, 30 ఎకరాలే కొనండి. అదీ ఆ భూమి మీదే అప్పు తీసుకుని. లెక్క ఇదిగో.

40 ఎకరాలకు 20 శాతం డౌన్ పేమెంట్ 64,000. సర్వే, టైటిల్ పాలసీ (హక్కు మీద ఇన్సూరెన్స్), అప్రైజల్ (విలువ కట్టించడం), లోన్ ఫీజులకు ఒక 8,000 పక్కన పెట్టుకోండి. గేటు, దారికి కంకర, తుప్పలు కొట్టించడం, మంచె, ఫీడర్లు కలిపి మొదటి ఏడాది ఇంకో 10,000. మొత్తం 82,000. మీ దగ్గరున్న 30,000 పోను కావలసినవి 52,000. నెలకు 2,500 చొప్పున 21 నెలలు పడుతుంది. ఆరు నెలల ఇంటి ఖర్చుకు దాచిన డబ్బు ఇందులో లేదు, అది విడిగా ఉండాల్సిందే.

ఇక అప్పు. వడ్డీ 8 శాతం అనుకుందాం. 40 ఎకరాలకైతే 2.56 లక్షలు అప్పు చేయాలి. 20 ఏళ్లకు నెల కిస్తీ సుమారు 2,141, కట్టే వడ్డీ మొత్తం అసలుతో సమానం. 2,500లో అది పోను మిగిలే 360తో ప్రాపర్టీ ట్యాక్స్, ఇన్సూరెన్స్, ట్రాక్టర్ అద్దె, పెట్రోలు గట్టెక్కవు. 30 ఎకరాలైతే, ఎకరం ధర అదే ఉంటే, అప్పు 1.92 లక్షలు, కిస్తీ 1,606. డౌన్ పేమెంట్ 48,000 అవుతుంది కనుక, కూడబెట్టిన 82,000లో అంతా పోను 16,000 చేతిలో మిగులుతుంది. అది దాదాపు పది నెలల కిస్తీ. ఉద్యోగం పోతే హెచ్-1బికి ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. వేట భూమి అంత త్వరగా అమ్ముడుపోయే సరుకు కాదు. అందుకే ఈ పది కిస్తీల డబ్బు నా దృష్టిలో ఆ పది ఎకరాల కంటే విలువైనది.

401కె అప్పుతో ఈ నెలలోనే డౌన్ పేమెంట్ కట్టేయొచ్చని మీకు అనిపించే ఉంటుంది. వెస్ట్ అయిన (పూర్తిగా మీదైపోయిన) బ్యాలెన్స్‌లో సగం, గరిష్ఠంగా 50,000 ఇస్తారు. కానీ ఉండే ఇంటికి కాకపోతే ఐదేళ్లలో తీర్చాలి. అదే 8 శాతానికి కిస్తీ 1,014. భూమి కిస్తీతో కలిపితే 3,155. మీ దగ్గర అంత మిగలడం లేదు. పైగా ఉద్యోగం మారినా పోయినా, ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువులోగా మిగతా బాకీ కట్టకపోతే దాన్ని విత్‌డ్రాయల్‌గా చూసి పన్ను, దాంతో పాటు ఆ బాకీ మీద 10 శాతం పెనాల్టీ వేస్తారు. సెల్ఫ్ డైరెక్టెడ్ ఐఆర్ఏతో (పెట్టుబడిని మీరే ఎంచుకునే రిటైర్మెంట్ ఖాతా) భూమి కొనమని సలహా ఇచ్చేవాళ్లూ ఉంటారు. అలా కొంటే అందులో మీరు వేటాడకూడదు. సొంత వాడకం నిషిద్ధ లావాదేవీ కిందికి వస్తుంది.

ఇంటి మీద హెలాక్ (ఇంటి ఈక్విటీని తాకట్టు పెట్టి కావలసినప్పుడు వాడుకునే అప్పు) కూడా వద్దు. టెక్సస్‌లో ఇంటి మీద అప్పులన్నీ కలిపి ఇంటి విలువలో 80 శాతం దాటకూడదు, కాబట్టి మీరనుకున్నంత రాకపోవచ్చు. వడ్డీ రేటు మారుతూ ఉంటుంది. ఆ డబ్బు ఇంటికే ఖర్చు పెట్టలేదు కనుక గృహరుణ వడ్డీ మినహాయింపు దొరకదు. అన్నిటికీ మించి, సరదాకి కొన్న అడవి కోసం పిల్లలుండే ఇంటిని తాకట్టు పెట్టినట్లవుతుంది.

భూమి అప్పుకు మామూలు మార్ట్‌గేజ్ కంపెనీల చుట్టూ తిరగకండి. 1916లో మొదలైన ఫార్మ్ క్రెడిట్ వ్యవస్థలోని సహకార సంస్థలు వేట భూములకూ అప్పిస్తాయి. టెక్సస్‌లో క్యాపిటల్ ఫార్మ్ క్రెడిట్ అలాంటిదే. అప్పు తీసుకున్నవాళ్లే సభ్యులు, లాభాలొచ్చిన ఏడాది కొంత వడ్డీ ప్యాట్రనేజ్ పేరుతో వెనక్కి రావచ్చు. హెచ్-1బికి ఎంత డౌన్ పేమెంట్ అడుగుతారో, ముందే తీర్చేస్తే పెనాల్టీ ఉందో లేదో భూములు చూడకముందే కనుక్కోండి. అమ్మేవాడే అప్పిస్తానంటే, కాంట్రాక్ట్ ఫర్ డీడ్ మీద మాత్రం సంతకం పెట్టకండి. అందులో చివరి కిస్తీ దాకా టైటిల్ అతని పేరు మీదే ఉంటుంది. హక్కుకు అమ్మేవాడు పూచీ ఇచ్చే వారంటీ డీడ్ మొదటి రోజే మీ పేరున రిజిస్టర్ కావాలి.

కూడబెట్టే డబ్బును షేర్లలో పెట్టకండి, రెండేళ్లు చాలా తక్కువ వ్యవధి. హై యీల్డ్ సేవింగ్స్ గానీ ట్రెజరీ బిల్లులు గానీ చాలు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి ట్రెజరీల వడ్డీకి ఉండే రాష్ట్ర పన్ను మినహాయింపు వల్ల మీకు అదనపు లాభం ఉండదు. ఎవరు ఎక్కువ వడ్డీ ఇస్తే అక్కడ పెట్టండి.

భూమి దొరికాక చాలామంది దెబ్బతినేది ప్రాపర్టీ ట్యాక్స్ దగ్గర. 2.4 లక్షల మార్కెట్ విలువ మీద 1.7 శాతం అనుకుంటే ఏడాదికి 4,080. అదే భూమికి వ్యవసాయ వాల్యుయేషన్ ఉంటే, అంటే మార్కెట్ ధర మీద కాక సాగు విలువ మీద లెక్క కడితే, పన్ను నామమాత్రం. వేట ఒక్కటే చేస్తే అది నిలవదు. అయితే టెక్సస్‌లో వన్యప్రాణి నిర్వహణ పేరుతో దాన్ని కొనసాగించుకునే వీలుంది. ముందటి ఏడాది భూమికి వ్యవసాయ లేదా కలప వాల్యుయేషన్ ఉండి తీరాలి. ఆవాసం బాగుచేయడం, నేల కోత అరికట్టడం, హానిచేసే జంతువుల నియంత్రణ, నీరు, మేత, గూళ్లు, జంతువుల లెక్కింపు అనే ఏడింటిలో ఏటా కనీసం మూడు చేయాలి. ప్రణాళికతో ఏప్రిల్ 30లోగా కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కు దరఖాస్తు పెట్టాలి. తేదీలున్న ఫోటోలు, రసీదులు దాచుకోండి.

ఇందులో ఒక మెలిక ఉంది. పెద్ద ర్యాంచ్‌ను ముక్కలు చేసి అమ్ముతున్నప్పుడు, ముందటి ఏడాదికంటే విస్తీర్ణం తగ్గిన ముక్కకు కనీస ఎకరాల నిబంధన వర్తిస్తుంది. మీ 30 ఎకరాలు సరిపోతాయో లేదో అప్రైజల్ డిస్ట్రిక్ట్‌నే అడగండి, బ్రోకర్‌ను కాదు. వాడకం మారితే మూడేళ్ల వెనకటి తేడా పన్ను రోల్‌బ్యాక్‌గా పడుతుంది. అది ఎవరు కట్టాలో కాంట్రాక్టులో రాయించండి.

దారి హక్కు రికార్డుల్లో ఉండాలి. పక్కవాడు ఇన్నాళ్లూ వెళ్లనిస్తున్నాడన్న మాట చెల్లదు, రేపు అతను గేటుకు తాళం వేస్తే మీ భూమిలోకి మీరే వెళ్లలేరు. టైటిల్ కంపెనీ ముందుగా ఇచ్చే టైటిల్ కమిట్‌మెంట్‌లో షెడ్యూల్ బి (ఇన్సూరెన్స్ వర్తించని అంశాల జాబితా) మొత్తం చదివించుకోండి. ఖనిజ హక్కుల ప్రస్తావన ఉంటే కనిపించేదీ అక్కడే. టెక్సస్‌లో భూమి పైహక్కు కంటే ఖనిజ హక్కుదే పైచేయి. నవంబర్‌లో మీ మంచె పక్కనే డ్రిల్లింగ్ రిగ్ దిగినా ఆపడం కష్టం. సర్ఫేస్ వేవర్ (భూమి పైభాగాన్ని వాడుకోమని ఖనిజ హక్కుదారు వదులుకున్న పత్రం) ఉందేమో చూడండి.

మీ వీసా వల్ల మరో రెండు పనులు. గ్రీన్ కార్డ్ లేనివాళ్లు వ్యవసాయ భూమి కొంటే 90 రోజుల్లో అమెరికా వ్యవసాయ శాఖకు ఎఫ్ఎస్ఏ-153 ఫారం ఇవ్వాలి. పశువులకో కలపకో వాడిన వేట భూమి కూడా ఇందులోకి వస్తుంది. ఇవ్వకపోతే జరిమానా మార్కెట్ విలువలో 25 శాతం దాకా ఉండొచ్చు. రెండోది తుపాకీ. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకుండా అది దగ్గర ఉండటమే ఫెడరల్ నేరం. లైసెన్స్ గడువు తీరనివ్వకండి. చౌకగా వస్తుందని రెడ్ రివర్ దాటి ఓక్లహోమా వైపు చూడకండి. అక్కడ నివసించని, పౌరులు కానివాళ్లు భూమి కొనడాన్ని ఆ రాష్ట్ర రాజ్యాంగమే నిషేధిస్తుంది.

నాన్నగారి పొలం. ఆయన అమ్మి ఆర్బీఐ రెమిటెన్స్ పథకం కింద ఏడాదికి 2.5 లక్షల డాలర్ల వరకు మీకు బహుమతిగా పంపొచ్చు. మీకు అమెరికాలో దాని మీద పన్ను పడదు. ఏడాదిలో అది లక్ష డాలర్లు దాటితే మాత్రం ఐఆర్ఎస్‌కు (అమెరికా పన్నుల శాఖ) 3520 ఫారం ఇవ్వాలి, ఆలస్యమైతే నెలకు 5 శాతం చొప్పున 25 శాతం దాకా జరిమానా. అయినా నేను వద్దనే అంటాను. ఎన్నారైగా మీరు ఇండియాలో వ్యవసాయ భూమి కొనలేరు, విదేశీ మారక చట్టం ఫెమా ఒప్పుకోదు. వారసత్వంగా మాత్రమే మీకు రావచ్చు. ఇప్పుడు అమ్మితే, ఎన్నారైగా ఉన్నంతకాలం ఎంత డబ్బున్నా దాన్ని తిరిగి కొనుక్కోలేరు. ఆయనకు సాయం చేయాలనే ఉంటే, పొలం పట్టాదారు పాస్‌బుక్, సర్వే హద్దులు సరిచేయించి, వీలునామా రాసి రిజిస్టర్ చేయించమనండి.