మడమ సంగతి తర్వాత, ముందు ఆ చీలమండ చూపించండి

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. పర్లాకిమిడిలో టిఫిన్ బండి నడుపుతాను. తెల్లారి నాలుగింటి నుంచి నిలబడే పనే. ఏడాదిగా కుడి మడమలో పోటు. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే ప్రాణం పోతోంది. ఎక్స్‌రే తీసి ఎముక పెరిగిందన్నారు. మూడు నెలల్లో మడమకు మూడు ఇంజెక్షన్లు వేశారు. మాత్ర వేసుకుంటేనే పని చేయగలుగుతున్నాను. 11 ఏళ్లుగా షుగరు. నెల నుంచి ఎడమ చీలమండ వాచి, వేడిగా ఉంటోంది కానీ నొప్పి పెద్దగా లేదు. మడమలో ఎముకకు ఆపరేషన్ చేయించుకోవాలా?

జవాబు: అమ్మా, మీరు అడిగింది కుడి మడమ గురించి. నన్ను కంగారు పెట్టింది మాత్రం చివర్లో ఒక్క ముక్కలో తేల్చేసిన ఎడమ చీలమండ.

పదకొండేళ్ల షుగరు, ఒక కాలికే వాపు, వేడి, అయినా నొప్పి లేదు. ఇలా ఉంటే మేము ముందు అనుమానించేది షార్కో పాదం. నరాలు మొద్దుబారిపోతే లోపల ఎముకలు చిట్లుతున్నా, కీళ్లు జారుతున్నా మీకు తెలియదు. మీరు ఆ కాలి మీదే నిలబడి ఇడ్లీలు దించుతూ ఉంటారు. అలాగే నడిస్తే అరికాలి వంపు కూలి, పాదం పడవ అడుగులా ఉబ్బి, అక్కడ పుండు పడుతుంది. చూడకుండా ఇదేనని నేను అనను. లోపల చీము పట్టినా, యూరిక్ యాసిడ్‌తో కీలు వాచినా, పిక్కలో రక్తం గడ్డకట్టినా కాలు వాస్తుంది. అయితే వీటిలో ఏదీ నెల రోజులు ఊరుకోవాల్సింది కాదు. నొప్పి లేదు కదా అని ఊరుకున్నారు, అదే పొరపాటు.

చేతి వెనక వైపుతో రెండు చీలమండలూ తాకి చూడండి. ఎడమది వేడిగా తెలుస్తుంటే ఈరోజే ఆ కాలి మీద బరువు ఆపండి. అలాగని కుడి మడమ మీద గెంతమని కాదు, కూర్చోండి. బండి ఇంట్లో ఇంకొకరికి అప్పగించండి. ఒకటి రెండు రోజుల్లో ఎముకల డాక్టరుకు చూపించండి. జ్వరం, పుండు, ఎరుపు పైకి పాకడం, పిక్క నొప్పి, ఆయాసం, వీటిలో ఏది ఉన్నా ఆ ఒక్కరోజు కూడా ఆగకూడదు. తొలి దశలో ఎక్స్‌రే మామూలుగానే రావచ్చు. బాగుందన్నారని ఇంటికి వచ్చేయకుండా, ఎమ్మారై కావాలా అని అడగండి. దానికి బరంపురం రావాల్సి వస్తే రండి. షార్కో అని తేలితే మోకాలి కింద దాకా పిండి కట్టు వేసి కొన్ని నెలలు ఉంచుతారు. విసుగే, కానీ పాదం నిలబడుతుంది.

ఇక మాత్రలు. నా దగ్గరికి వచ్చేవాళ్ల సంచిలో తరచూ రెండు చీటీలుంటాయి. ఒకటి పర్లాకిమిడిది, ఒకటి ఏరు దాటి పాతపట్నానిది. పేర్లు వేరు, లోపల మందు ఒకటే, డైక్లోఫినాక్. రెండూ వేసుకుంటుంటారు! మన పొరుగునే ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట వైపు అంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇంకా పూర్తిగా తేలలేదు. నొప్పి మాత్రలే కారణమని నేను అనడం లేదు. షుగరున్న కిడ్నీకి ఈ మాత్రలు చేసే చెరుపు మాత్రం ఎప్పుడో తేలిపోయిన విషయం. బీపీ మందులు కూడా వాడుతుంటే మరీ ప్రమాదం. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించుకోండి. అప్పటిదాకా ఆ మాత్రలు ఆపి, పారాసిటమాల్ ఎంత వాడొచ్చో డాక్టరును అడగండి. వాపు అనగానే షాపులో ఇచ్చే సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లూ వద్దు. అవి పిక్క నుంచి మడమకు దిగే స్నాయువును తెంపగలవు, స్టిరాయిడ్ పడిన ఒంట్లో ఇంకా ఎక్కువ. మీ మూడు ఇంజెక్షన్లు ఏమిటో కనుక్కోండి. స్టిరాయిడే అయితే మూడు నెలల్లో మూడు ఎక్కువ. షుగరు పెరుగుతుంది, మడమ కింద మెత్తగా ఉండే కొవ్వు కరిగిపోతుంది. నాలుగోది వద్దు.

మీ ప్రశ్నకు వస్తే, ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదనే అనుకుంటున్నాను. పొద్దుటి మొదటి అడుగు పోటు ఎక్కువగా ప్లాంటార్ ఫేషియైటిస్. మడమ నుంచి వేళ్ల దాకా అరికాలిని పట్టి ఉంచే పట్టీ, రోజంతా నిలబడటంతో నలిగిపోతుంది. ఎముక పెరగడం నొప్పి లేనివాళ్ల ఎక్స్‌రేల్లోనూ కనిపిస్తుంది. పది మందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఏడాదిలోగా కోత లేకుండానే తగ్గుతుంది. మీకు ఏడాది అయిందంటారు, కానీ ఆ ఏడాదంతా మాత్రలు, ఇంజెక్షన్లతోనే గడిచింది, వైద్యం ఇంకా మొదలే కాలేదు. మంచం దిగకముందే తువ్వాలు పాదం ముందు భాగానికి తగిలించి మీ వైపు లాగి 30 సెకన్లు ఉంచండి, పదిసార్లు. కుడి కాలికి మాత్రమే. ఇంట్లో గచ్చు మీద కూడా మెత్తని మందపాటి చెప్పులు వేసుకోండి.

వేడి ఇటుక మీద జిల్లేడాకులు పరిచి మడమ ఆనించే కాపడం చేస్తున్నారేమో, మీరు రాయలేదు. చేస్తుంటే మానండి. స్పర్శ తగ్గిన కాలు కాలితే, బొబ్బ చూశాకే మీకు తెలుస్తుంది.

మీ మూడు నెలల సగటు షుగరు ఎంతో ఉత్తరంలో లేదు, ఆ పరీక్షా చేయించుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ, ఖాళీవి కూడా, ఒకే సంచిలో వేసి పట్టుకెళ్లండి.